మెమరీ సెట్టింగులు ఒకదాన్నొకటి కొట్టేస్తుంటే సాఫ్ట్‌వేర్ ఎప్పుడు నోరు విప్పాలి?

గోదావరి_డెవాప్స్

అందరికీ నమస్తే. ఒక విషయం చాలా రోజులుగా మనసులో తొలుస్తోంది, ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మా క్లయింటు దగ్గర ఒక జావా సర్వీసు ఉంది. అది నడిచే పాడ్‌కి (కుబర్నెటీస్‌లో కంటైనర్లు నడిచే యూనిట్) మెమరీ లిమిట్ 2 జీబీ. అప్లికేషన్ టీమ్ కమాండ్ లైన్‌లో మ్యాక్స్‌ర్యామ్‌పర్సెంటేజ్ 70 అని ఇచ్చింది. అంటే హీప్ (జావా ఆబ్జెక్టులు ఉండే మెమరీ) 1.4 జీబీ దాటదని వాళ్ల లెక్క. వేరే టీమ్ తయారుచేసిన బేస్ ఇమేజ్‌లో (మా కంటైనర్‌కి పునాది) జావా_టూల్_ఆప్షన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, అందులో ఎక్స్‌ఎంఎక్స్ (హీప్ గరిష్ఠాన్ని నేరుగా అంకెలో చెప్పే ఆప్షన్) 3 జీబీ. రెండూ కలిసి వస్తే ఎక్స్‌ఎంఎక్స్ గెలుస్తుంది. శాతాన్ని జేవీఎం (జావా ప్రోగ్రాంని నడిపేది) అసలు లెక్కలోకే తీసుకోదు. 2 జీబీ పాడ్‌లో 3 జీబీ వరకు పెరగగల హీప్ కూర్చుంది.

లోడ్ తక్కువున్నన్నాళ్లు బాగానే నడిచింది. నెలాఖరు రద్దీలో పాడ్లు 137 ఎగ్జిట్ కోడ్‌తో (బయటినుంచి బలవంతంగా చంపేశారని అర్థం) పడిపోవడం మొదలైంది. జావా వైపు అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ లేదు, హీప్ డంప్ (హీప్ నకలు ఫైలు) లేదు. లిమిట్ దాటినందుకు చంపింది ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ కదా, జేవీఎం దృష్టిలో తన హీప్‌లో ఇంకా బోలెడు చోటుంది.

స్టార్ట్ అయ్యేటప్పుడే జేవీఎంకి మూడు సంగతులూ తెలుసు: ఎవరో శాతం రాశారని, ఎవరో అంకె రాశారని, కంటైనర్ లిమిట్ ఆ అంకె కన్నా తక్కువని. ఒక్క ముక్క అనలేదు. ఇదే జేవీఎంకి ఎక్స్‌ఎంఎస్ (హీప్ మొదటి సైజు) విలువ ఎక్స్‌ఎంఎక్స్ కన్నా పెద్దదిగా ఇస్తే స్టార్టే అవ్వదు, కారణం చెప్పి ఆగిపోతుంది. మ్యాక్స్‌న్యూసైజ్‌ని (హీప్‌లో కొత్త ఆబ్జెక్టుల భాగానికి గరిష్ఠం) మొత్తం హీప్‌తో సమానంగా ఇస్తే వార్నింగ్ ఇచ్చి, తనే తగ్గించుకుని నడుస్తుంది. ఒకే ప్రోగ్రాంలో మూడు పద్ధతులు: ఆగిపోవడం, చెప్పి సర్దుకోవడం, చెప్పకుండా సర్దుకోవడం. ఏది ఎక్కడ అన్నదానికి ఒక సూత్రం ఉండాలి కదా? మీరైతే ఏమంటారు?

---

హీప్‌డంప్

మొదటి సంగతి, "ఒక్క ముక్క అనలేదు" అనడం సరికాదు. జావా_టూల్_ఆప్షన్స్ వాడినప్పుడు ఫలానా ఆప్షన్లు తీసుకున్నానని జేవీఎం ఎర్రర్ స్ట్రీమ్‌లో ఒక లైన్ రాస్తుంది. మీ లాగ్‌లో పైనే ఉండి ఉంటుంది, చూడండి.

రెండోది, దీన్ని నేను కాన్‌ఫ్లిక్ట్ అనను. అంకె ఇస్తే అంకె, ఇవ్వకపోతే శాతం, ఏదీ ఇవ్వకపోతే డిఫాల్ట్ 25 శాతం. ఇది ప్రాధాన్య క్రమం, ఎప్పటినుంచో ఉన్నదే.

మూడోది, హీప్ లిమిట్ కన్నా పెద్దదిగా ఉండటం తప్పని జేవీఎం ఎలా తేలుస్తుంది? ముందు రిజర్వ్ చేసేది అడ్రస్ స్పేస్ మాత్రమే. పేజీని తాకినప్పుడే ర్యామ్ ఖర్చవుతుంది. 3 జీబీ రిజర్వ్ చేసుకుని 800 ఎంబీతో బతికే సర్వీసులు ఎన్నో ఉన్నాయి. వాటన్నిటికీ ప్రతి స్టార్ట్‌లో వార్నింగ్ ఇస్తే నాలుగు రోజుల్లో జనం దాన్ని చదవడం మానేస్తారు.

---

గోదావరి_డెవాప్స్

ఆ లైన్ ఉంది, నిజమే. కానీ అది ప్రతి పాడ్‌లో, ప్రతి స్టార్ట్‌లో ఉంటుంది. గొడవ ఉన్నా అదే లైన్, లేకపోయినా అదే లైన్. "ఈ ఆప్షన్ తీసుకున్నాను" అంది గానీ, "దీనివల్ల నువ్వు రాసిన 70 శాతం చెల్లదు" అనలేదు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడా గురించే నా ప్రశ్నంతా.

ప్రాధాన్య క్రమం డాక్యుమెంట్‌లో ఉన్నంత మాత్రాన కాన్‌ఫ్లిక్ట్ లేకుండా పోదు కదండీ. ఎవరు గెలుస్తారో క్రమం చెబుతుంది. ఓడిపోయినవాళ్లకి ఆ కబురు ఎవరు చెప్పాలి?

---

పద్మజ_డీబీఏ

ఇద్దరూ రెండు వేర్వేరు విషయాలను ఒకే ముడి వేస్తున్నారు. విడదీసి చూద్దాం.

ఒకటి ఖాయంగా జరిగే విరుద్ధం. ఎక్స్‌ఎంఎక్స్ ఉన్నంతసేపు శాతం పనిచేయదు. ఇందులో "ఒకవేళ", "బహుశా" లేవు. రెండోది జరగవచ్చేమో అనే ప్రమాదం. హీప్ నిజంగా 2 జీబీ దాటుతుందో లేదో లోడ్‌ని బట్టి ఉంటుంది.

నా లోకం పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, అందులోంచి చెబుతాను. వర్క్_మెమ్ (పని మెమరీ పరిమితి) డిఫాల్ట్ 4 ఎంబీ, మ్యాక్స్_కనెక్షన్స్ డిఫాల్ట్ 100. వర్క్_మెమ్ కనెక్షన్‌కి కాదు, క్వెరీలో ఒక్కో సార్ట్‌కి, ఒక్కో హ్యాష్‌కి. 15వ వెర్షన్ నుంచి హ్యాష్‌కి దాన్ని రెండింతలు చేసే మల్టిప్లయర్ కూడా డిఫాల్ట్‌గా ఉంది. ఇప్పుడు 32 జీబీ మెషీన్ మీద ఎవరైనా వర్క్_మెమ్ 256 ఎంబీ, కనెక్షన్లు 200 పెట్టారనుకోండి. కనెక్షన్‌కి ఒక్క సార్ట్ చొప్పున వేసుకున్నా 50 జీబీ. కాగితం మీద చూస్తే ఘోరం. అయినా పోస్ట్‌గ్రెస్ ఏమీ అనదు, అనకపోవడమే న్యాయం. పెళ్లికి రెండొందల మందిని పిలిస్తే అందరూ ఒకే బంతిలో కూర్చోరు కదా. అన్ని కనెక్షన్లూ ఒకే క్షణంలో పెద్ద సార్ట్ చేయవు. ఈ లెక్కతో వార్నింగ్ ఇస్తే, రిపోర్టింగ్ కోసం తెలిసి తెలిసి వర్క్_మెమ్ పెంచుకున్న ప్రతి డీబీఏకీ అది రోజూ చెవిలో జోరీగ అవుతుంది.

అదే పోస్ట్‌గ్రెస్, సూపర్‌యూజర్ కోసం కేటాయించే కనెక్షన్లు మ్యాక్స్_కనెక్షన్స్ కన్నా తక్కువ లేకపోతే స్టార్టే అవ్వదు. అది మెమరీ సెట్టింగ్ కాదు గానీ తేడా తెలియడానికి చెబుతున్నాను. ఆ కాన్ఫిగ్‌కి అర్థమే లేదు, వర్క్_మెమ్ కాన్ఫిగ్‌కి అర్థం ఉంది, ప్రమాదమూ ఉంది.

కాబట్టి హీప్‌డంప్ గారి మూడో వాదన ప్రమాదం గురించి. ఖాయమైన విరుద్ధానికి అది జవాబు కాదు.

---

ఓరుగల్లు_శ్రీను

అన్నా, అక్కా, నేను ఫైనల్ ఇయర్. ఒక డౌట్. అర్థం లేని కాన్ఫిగ్ ఎవరిచ్చినా స్టార్ట్ కాకుండా ఆపేస్తే అయిపోతుంది కదా? కంపైలర్ అట్లనే చేస్తుంది. వార్నింగ్ అనేది ఎందుకు అసలు?

---

లోడ్‌బ్యాలన్సర్

శ్రీనూ, మంచి ప్రశ్న. అలా ఆపేసేవి ఉన్నాయి. ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ చూడు. ప్రాక్సీ_బఫర్స్ (వెనక సర్వర్ జవాబుని పట్టి ఉంచే బఫర్లు) డిఫాల్ట్‌గా 8, ఒక్కోటి 4 కేబీ, మొత్తం 32 కేబీ (కొన్ని ప్లాట్‌ఫారమ్‌లలో 8 కేబీ చొప్పున). పెద్ద కుకీలు, పెద్ద హెడర్లు వస్తున్నాయని ఎవరో ప్రాక్సీ_బఫర్_సైజ్ (జవాబు మొదటి భాగం, అంటే హెడర్లు పట్టే బఫర్) ఒక్కటీ 128 కేబీ చేస్తారు. ఎంజిన్‌ఎక్స్ స్టార్ట్ అవ్వదు. కాన్ఫిగ్ టెస్ట్ కమాండ్ కొట్టినా అక్కడే పట్టేస్తుంది, అంటే నడుస్తున్న సర్వర్‌ని ముట్టుకోకముందే. ఇది చాలా మంచి పద్ధతి.

కానీ ఆ ఎర్రర్ మెసేజ్ ఏమంటుందంటే, ప్రాక్సీ_బిజీ_బఫర్స్_సైజ్ అనేది మొత్తం బఫర్లలోంచి ఒక బఫర్ తీసేయగా మిగిలిన దానికన్నా తక్కువ ఉండాలి అంటుంది. చదివినవాడు ఫైలంతా వెతుకుతాడు. ఆ పేరుతో వాడు ఏమీ రాయలేదు! అది లోపల డిఫాల్ట్‌గా లెక్కకట్టిన విలువ, వాడు మార్చిన 128 కేబీకి రెండింతలు, అంటే 256 కేబీ అయి కూర్చుంది. అసలు తగాదా వాడు రాసిన బఫర్_సైజ్‌కీ, వాడు రాయని బఫర్స్‌కీ మధ్య. మెసేజ్‌లో కనిపించింది మూడోవాడు.

ఆపాలా వద్దా అన్నదెంత ముఖ్యమో, ఆపినప్పుడు ఎవరి పేరు చెప్పాలన్నది అంతే ముఖ్యం. యూజర్ తన చేత్తో రాసిన సెట్టింగ్ పేరు మెసేజ్‌లో లేకపోతే ఆ మెసేజ్ సగమే పనిచేసినట్టు.

---

బిల్డ్‌ప్యాక్_రఘు

శ్రీను అడిగినట్టు ఖచ్చితంగా ఆపేసే జావా సరంజామా కూడా ఉంది, దాంతో పడ్డ పాట్లు చెబుతాను.

పకేటో జావా బిల్డ్‌ప్యాక్‌లో (కోడ్ నుంచి కంటైనర్ ఇమేజ్ తయారుచేసే సాధనం) మెమరీ క్యాలిక్యులేటర్ ఉంటుంది, క్లౌడ్ ఫౌండ్రీ రోజుల నుంచి వచ్చిన ఆలోచన. కంటైనర్ లిమిట్ తీసుకుని, అందులోంచి హీప్ కాని భాగాలన్నీ తీసేసి, మిగిలింది హీప్‌కి ఇస్తుంది. తీసేసేవి: డైరెక్ట్ మెమరీ (హీప్ బయటి బఫర్లు) 10 ఎంబీ, కోడ్ క్యాష్ (కంపైల్ అయిన కోడ్) 240 ఎంబీ, థ్రెడ్ స్టాక్‌లు 250 థ్రెడ్లకి 1 ఎంబీ చొప్పున 250 ఎంబీ. ఇక్కడికే 500 అయింది. దీనికి మెటాస్పేస్ (క్లాసుల వివరాలు ఉండే చోటు) కలపాలి, అది క్లాసుల సంఖ్యని బట్టి అంచనా వేస్తుంది. 512 ఎంబీ పాడ్ ఇస్తే, స్థిరమైన భాగాలకే ఇంత కావాలి, ఉన్నది ఇంతే అని అంకెలన్నీ పరిచి చెప్పి ఆగిపోతుంది.

మెసేజ్ అద్భుతం. ఏ భాగానికి ఎంతో లెక్కతో సహా ఇస్తుంది. కానీ చిన్న స్ప్రింగ్ సర్వీసు 250 థ్రెడ్లు వాడదు, కోడ్ క్యాష్ 240 నిండదు. 512లో నిజానికి నడిచే ప్రోగ్రాంనే ఇది ఆపుతోంది. మేము థ్రెడ్ల సంఖ్య తగ్గించి, కోడ్ క్యాష్ తగ్గించి సర్దుకున్నాం. కొన్ని టీములు మాత్రం ఈ గొడవెందుకని ఆ క్యాలిక్యులేటర్‌నే పక్కన పెట్టేశాయి.

పద్మజ గారు చెప్పిన తేడానే ఇది. జరగవచ్చేమో అన్న ప్రమాదానికి "స్టార్ట్ అవ్వను" అనే శిక్ష వేస్తే, జనం కాపలావాడినే తీసేస్తారు.

---

హీప్‌డంప్

రఘు గారూ, అయినా నేను ఆ క్యాలిక్యులేటర్ వైపే ఉంటాను. హీప్ ఒక్కటే మెమరీ అనుకునేవాళ్లే ఎక్కువ. డైరెక్ట్ బఫర్లకి విడిగా పరిమితి ఇవ్వకపోతే డిఫాల్ట్ పరిమితి ఎంతో తెలుసా? హీప్ గరిష్ఠమే. 2 జీబీ పాడ్‌లో ఎక్స్‌ఎంఎక్స్ 1.5 జీబీ ఇస్తే, నెట్టీలాంటి నెట్‌వర్క్ లైబ్రరీలు వాడుకోవడానికి హీప్ బయట ఇంకో 1.5 జీబీ వరకు దారి తెరిచి ఉన్నట్టే. యూజర్ ఇది రాయలేదు, కనబడదు. 512 దగ్గర ఆగిన చోట ఒకసారి చిరాకు పడ్డా, ఆ లెక్క వాళ్ల కళ్ల ముందుకి వచ్చింది.

పద్మజ గారి విభజన ఒప్పుకుంటున్నాను. శాతం, అంకె రెండూ యూజరే రాసి, ఒకటి చెల్లకపోతే జేవీఎం ఒక లైన్ చెప్పాల్సిందే. దానికి కావలసిన సమాచారం దాని దగ్గర ఉంది కూడా. ప్రింట్‌ఫ్లాగ్స్‌ఫైనల్ పెట్టి చూడండి, ప్రతి ఫ్లాగ్ పక్కన అది ఎక్కడినుంచి వచ్చిందో ఉంటుంది: డిఫాల్ట్, కమాండ్ లైన్, ఎన్విరాన్‌మెంట్, ఎర్గొనామిక్ (జేవీఎం తనే లెక్కకట్టినది). మీ కేసులో శాతం పక్కన కమాండ్ లైన్ అని, హీప్ సైజు పక్కన ఎన్విరాన్‌మెంట్ అని కనిపిస్తుంది.

---

ఆన్‌కాల్_సుజాత

టెక్సస్ నుంచి. ఇండియా టీమ్ పగలు చేసిన డిప్లాయ్ ఇక్కడ మా పగలు పడిపోతుంది, కాబట్టి నేను చూసేది ఎప్పుడూ రెండో సగమే.

మీరందరూ వార్నింగ్ ఇవ్వాలా వద్దా అని మాట్లాడుతున్నారు. ఎక్కడ ఇవ్వాలన్నది నాకు అంతకన్నా పెద్ద సమస్య. స్టార్ట్ అయినప్పుడు లాగ్‌లో ఒక లైన్ రాశారు. పాడ్ పడేసరికి ఆ లాగ్ రొటేట్ అయిపోయింది, లేదా పాడ్‌తో పాటు పోయింది. నా చేతిలో ఉన్నది 137 అనే అంకె ఒక్కటే.

అందుకే నాకు పోస్ట్‌గ్రెస్ పద్ధతి ఇష్టం. పీజీ_సెట్టింగ్స్ వ్యూలో ప్రతి విలువకీ అది ఏ ఫైల్లోంచి, ఏ లైన్లోంచి వచ్చిందో ఉంటుంది. 9.5 నుంచి పీజీ_ఫైల్_సెట్టింగ్స్ అనే ఇంకో వ్యూ ఉంది. మెయిన్ కాన్ఫిగ్‌లో షేర్డ్_బఫర్స్ (డేటాబేస్ క్యాష్ మెమరీ) 8 జీబీ అని ఒకరు రాసి, ఆల్టర్ సిస్టమ్ కమాండ్‌తో ఇంకొకరు 2 జీబీ చేసి ఉంటే, ఆ కమాండ్ రాసే ఆటో కాన్ఫ్ ఫైల్లోదే గెలుస్తుంది. ఆ వ్యూలో రెండు వరసలూ కనిపిస్తాయి, ఓడిన వరస అప్లై కాలేదని ఉంటుంది. సర్వర్ నెలల తరబడి నడుస్తున్నా ఇప్పుడు అడిగితే ఇప్పుడు చెబుతుంది.

వార్నింగ్ అనేది ఒక్కసారి అరిచి ఊరుకునేది కాకూడదు. అడిగినప్పుడల్లా జవాబు దొరకాలి.

---

పద్మజ_డీబీఏ

సుజాత గారూ, నూటికి నూరుపాళ్లు. దీనికి పూర్తి విరుద్ధంగా మైఎస్‌క్యూఎల్ 5.7 కాలం నాటి ఒక జంట చెబుతాను. టీఎంపీ_టేబుల్_సైజ్, మ్యాక్స్_హీప్_టేబుల్_సైజ్, రెండూ డిఫాల్ట్ 16 ఎంబీ. మెమరీలో ఉండే తాత్కాలిక టేబుళ్లకి ఈ రెండింటిలో ఏది చిన్నదో అదే పరిమితి. ఎవరో బ్లాగు చదివి టీఎంపీ_టేబుల్_సైజ్ ఒక్కటీ 256 ఎంబీ చేస్తారు. షో వేరియబుల్స్ కొడితే 256 అనే చూపిస్తుంది. టేబుల్ మాత్రం 16 దగ్గరే డిస్క్‌కి వెళ్లిపోతుంది. సర్వర్‌కి తెలుసు, యూజర్‌కి తెలియదు, పైగా అడిగితే వచ్చే జవాబు కూడా తప్పుదారి పట్టిస్తుంది.

అదే మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ బఫర్ పూల్‌ది (డేటా క్యాష్ మెమరీ) ఇంకో తీరు. చంక్ సైజు 128 ఎంబీ, ఇన్‌స్టాన్సులు 16 అయితే పూల్ 2 జీబీ గుణిజాల్లోనే ఉండాలి. 9 జీబీ అడిగితే 10 జీబీ చేసేస్తుంది. కానీ ఇక్కడ వేరియబుల్ అడిగితే 10 అనే చెబుతుంది. అడిగినదానికన్నా కొంచెం పెంచడం, అడిగితే నిజం చెప్పడం, ఇది నాకు సమ్మతమే.

---

కెర్నెల్_కిట్టు

అందరూ గొడవ వచ్చాక ఏం చేయాలో చెబుతున్నారు. గొడవ రాకుండా సెట్టింగులు రూపొందించవచ్చు కదా.

లినక్స్‌లో డర్టీ పేజీలకి (డిస్క్‌కి ఇంకా రాయని మార్పులున్న మెమరీ) పరిమితి రెండు రకాలుగా ఇవ్వొచ్చు: వీఎం.డర్టీ_రేషియో శాతంలో, వీఎం.డర్టీ_బైట్స్ బైట్లలో. మీ జావా కథలోని శాతం, అంకె జంటే ఇది. కెర్నెల్ ఏం చేస్తుందంటే, ఒకదానికి విలువ రాయగానే రెండోది సున్నా అయిపోతుంది. ప్రోగ్రాంలకి మొత్తం ఎంత మెమరీ మాట ఇవ్వొచ్చో చెప్పే ఓవర్‌కమిట్_రేషియో, ఓవర్‌కమిట్_కేబైట్స్ జంట కూడా అంతే. రెండూ ఒకేసారి బతికి ఉండే పరిస్థితే లేదు. చదివినవాడికి సున్నా కనిపిస్తుంది, ఏది నడుస్తోందో తెలిసిపోతుంది.

---

గోదావరి_డెవాప్స్

కిట్టు గారూ, చాలా బాగుంది. కానీ ఒక చిక్కు. అది నడుస్తున్న విలువలకి సరిపోతుంది, సిస్‌కంట్రోల్ (కెర్నెల్ సెట్టింగుల) ఫైళ్లలో వేర్వేరు చోట్ల ఇద్దరు రాసి ఉంటే చివర చదివినది గెలిచి మొదటిది సున్నా అవుతుంది. మొదట రాసిన మనిషికి కబురు అందదు. మా బేస్ ఇమేజ్ సమస్య అలాగే మిగిలింది.

---

కెర్నెల్_కిట్టు

అవును, ఒప్పుకుంటాను. ఒక చేత్తో రాసేవాడికి అది చాలు. రెండు టీములు రాసే చోట చాలదు.

---

రెడిస్_రవి

హెచ్చరికలు ఎక్కువైతే ఏమవుతుందో కూడా చూడాలి. రెడిస్ (మెమరీలో నడిచే డేటాబేస్) స్టార్ట్ అవ్వగానే, హోస్ట్‌లో ఓవర్‌కమిట్_మెమరీ 1 (అడిగిన మెమరీకి కాదనకు అని) కాకపోతే వార్నింగ్ ఇస్తుంది. కారణం సరైనదే: స్నాప్‌షాట్ తీసేటప్పుడు ఫోర్క్ చేస్తుంది (తన ప్రాసెస్‌కి నకలు తీస్తుంది), ఆ క్షణంలో కెర్నెల్ మెమరీ సరిపోదని అనుకుంటే ఫోర్క్ విఫలమవుతుంది. మెసేజ్ కూడా బాగుంటుంది, ఏ ఫైల్లో ఏ లైన్ పెట్టాలో చెబుతుంది.

కానీ కంటైనర్ లోపల నడిపేవాడికి ఆ సెట్టింగ్ హోస్ట్‌ది. వాడి చేతిలో లేదు. క్యాష్‌గా మాత్రమే వాడుతూ స్నాప్‌షాట్లు ఆపేసినవాడికీ అదే వార్నింగ్. దాంతో రెడిస్ లాగ్‌లో వార్నింగ్ అంటే "ఎప్పుడూ ఉండేదే" అనే అలవాటు పడిపోయింది జనానికి. ఒకసారి ఆ అలవాటు పడ్డాక, నిజంగా చదవాల్సిన వార్నింగ్‌నీ చదవరు.

ఎవరైతే సరిచేయగలరో వాళ్లకే చెప్పాలి. ఇది నా అభిప్రాయం.

---

క్యాష్_రాసేవాడు

నేను మా ఆఫీసులో లోపలి వాడకానికి ఒక ఇన్-మెమరీ క్యాష్ రాసే టీమ్‌లో ఉన్నాను. ఈ చర్చలోంచి మా కోడ్‌కి పనికొచ్చేది తీసుకుంటున్నాను, మీ అందరికీ ధన్యవాదాలు.

మా దగ్గర ప్రతి సెట్టింగ్‌కీ విలువతో పాటు మూలం కూడా దాచుతాం: డిఫాల్టా, ఫైలా, ఎన్విరాన్‌మెంటా, కమాండ్ లైనా. దీని మీద ఒక్క నియమం పెట్టుకున్నాం. ఓడిపోయిన విలువ మనిషి రాసినదైతే మాట్లాడాలి. ఓడిపోయినది డిఫాల్ట్ అయితే నిశ్శబ్దం. యూజర్ క్యాష్ సైజు పెంచితే, మేం లోపల లెక్కకట్టుకునే బఫర్ సైజు దానంతట అదే మారాలి. దానికి వార్నింగ్ ఇవ్వడం అంటే మా పని వాళ్ల నెత్తిన వేయడం.

కుబర్నెటీస్‌లో లిమిట్ మాత్రమే రాసి రిక్వెస్ట్ (కనీసం కేటాయించాల్సినది) రాయకపోతే, రిక్వెస్ట్‌ని లిమిట్‌కి సమానం చేసుకుని ఊరుకుంటుంది. రెండూ రాసి, రిక్వెస్ట్ లిమిట్ కన్నా పెద్దదైతే మాత్రం తీసుకోనంటుంది. ఈ తేడా సరిగ్గా అదే.

ఇక మెసేజ్. లోడ్‌బ్యాలన్సర్ గారు చెప్పింది చదివాక మేం ఇలా మార్చుకున్నాం, గోదావరి గారి కేసుకి అన్వయించి రాస్తున్నాను:

"హీప్ గరిష్ఠం 3 జీబీ (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ జావా_టూల్_ఆప్షన్స్ నుంచి). కమాండ్ లైన్‌లో ఇచ్చిన మ్యాక్స్‌ర్యామ్‌పర్సెంటేజ్ 70 దీనివల్ల చెల్లదు. కంటైనర్ లిమిట్ 2 జీబీ. శాతం కావాలంటే ఎక్స్‌ఎంఎక్స్ తీసేయండి."

ఇందులో రెండు పేర్లు, రెండు మూలాలు, గెలిచిన అంకె, చేయాల్సిన పని ఉన్నాయి. కంటైనర్ లిమిట్ గురించి విడిగా వార్నింగ్ లేదు, పక్కన అంకె పెట్టి వదిలేశాం. అది ప్రమాదం కాబట్టి చదివినవాడే తేల్చుకుంటాడు.

---

ఓరుగల్లు_శ్రీను

ఇప్పుడు అర్థమైంది అన్నా. ఇంకో డౌట్. పాత సెట్టింగ్ ఒకటి తీసేస్తారు, దాని బదులు కొత్తది వస్తుంది. యూజర్ ఫైల్లో రెండూ ఉంటే?

---

హీప్‌డంప్

మ్యాక్స్‌పర్మ్‌సైజ్ కథ చూడు. 2014లో జావా 8 వచ్చినప్పుడు పర్మ్‌జెన్ (క్లాసుల వివరాలు ఉండే పాత చోటు) పోయి మెటాస్పేస్ వచ్చింది. పాత ఫ్లాగ్ ఇస్తే, ఇది 8లో తీసేశాం, పట్టించుకోవట్లేదు అని వార్నింగ్ ఇచ్చి నడిచేది. 2021లో వచ్చిన 17 దగ్గరికి వచ్చేసరికి ఆ ఫ్లాగ్ పేరే తెలియదని స్టార్ట్ కావడం మానేసింది. ఏళ్ల తరబడి చెప్పి, ఆ తర్వాత ఆపారు. అయినా 17కి మారినరోజు దెబ్బతిన్న స్క్రిప్టులు కోకొల్లలు.

ఎలాస్టిక్‌సెర్చ్ (జావాలో రాసిన సెర్చ్ ఇంజిన్) అంత ఓపిక పట్టలేదు. 2016లో 5.0 వచ్చినప్పుడు ఈఎస్_హీప్_సైజ్ వేరియబుల్ ఉంటే స్టార్టే కాలేదు, దాని బదులు ఎక్స్‌ఎంఎస్, ఎక్స్‌ఎంఎక్స్ పెట్టమని చెప్పి ఆగింది. నాకు ఇదే నచ్చింది. మెమరీ విలువని పట్టించుకోకుండా నడిస్తే డిఫాల్ట్ హీప్‌తో క్లస్టర్ లేస్తుంది, అది ఎక్కడో మధ్యలో పడుతుంది.

అదే 5.0లో బూట్‌స్ట్రాప్ చెక్‌లు (స్టార్ట్‌లో చేసే తనిఖీలు) కూడా వచ్చాయి. లోకల్ అడ్రస్ మీద నడిపితే అవి వార్నింగులు. బయటి నెట్‌వర్క్ అడ్రస్‌కి కట్టగానే అవే ఎర్రర్లు. ఎక్స్‌ఎంఎస్, ఎక్స్‌ఎంఎక్స్ సమానంగా లేకపోయినా, వీఎం.మ్యాక్స్_మ్యాప్_కౌంట్ (ఒక ప్రాసెస్‌కి ఎన్ని మెమరీ మ్యాపులో చెప్పే కెర్నెల్ పరిమితి) 2,62,144 కన్నా తక్కువున్నా అంతే. ల్యాప్‌టాప్ మీద నేర్చుకునేవాడిని ఆపదు, ప్రొడక్షన్‌లో వదలదు.

---

గోదావరి_డెవాప్స్

మేం ఈ వారం బేస్ ఇమేజ్ టీమ్‌తో కూర్చుని ఒకటి పెట్టించాం. కంటైనర్ మొదలయ్యే స్క్రిప్టులో చిన్న తనిఖీ: ఆప్షన్లన్నీ కలిపి చూసి, ఎక్స్‌ఎంఎక్స్, శాతం రెండూ ఉంటే స్టేజింగ్‌లో ఆపేస్తుంది, ప్రొడక్షన్‌లో వార్నింగ్ ఇచ్చి పోనిస్తుంది. ఆ వార్నింగ్‌ని మెట్రిక్‌గా కూడా పంపుతున్నాం. సుజాత గారు చెప్పినట్టు, తర్వాత అడిగినా దొరకాలని.

---

లోడ్‌బ్యాలన్సర్

ప్రొడక్షన్‌లో కూడా ఆపొచ్చు కదండీ? రోలింగ్ అప్‌డేట్‌లో (పాడ్లని కొన్ని కొన్నిగా మార్చేటప్పుడు) కొత్త పాడ్ లేవకపోతే పాతవి నడుస్తూనే ఉంటాయి. నష్టం లేదు.

---

ఆన్‌కాల్_సుజాత

డిప్లాయ్ సమయంలో మీరన్నది నిజం. కానీ నోడ్‌ని (పాడ్లు నడిచే మెషీన్) మెయింటెనెన్స్‌కి తీశారనుకోండి, నిన్నటిదాకా నడిచిన పాడ్ వేరే నోడ్ మీద లేవాలి. అప్పుడు "స్టార్ట్ అవ్వను" అంటే పాతది లేదు, కొత్తది రాదు. అందులోనూ తనిఖీ కొత్త బేస్ ఇమేజ్‌తో వచ్చి, ఇమేజ్‌ని పాత ట్యాగ్ పేరుతోనే లాగేసి ఉంటే, అప్లికేషన్ టీమ్ ఏమీ మార్చకుండానే పడిపోతుంది. కాన్ఫిగ్ మారినప్పుడు ఆపండి. కాన్ఫిగ్ మారకుండా మళ్లీ లేస్తుంటే చెప్పి వదిలేయండి. గోదావరి గారు చేసిందే నాకు సబబు.

---

లోడ్‌బ్యాలన్సర్

ఆ కోణం బలంగా ఉంది. అయితే స్టేజింగ్‌లో ప్రొడక్షన్ కాన్ఫిగే వాడాలి, లేకపోతే ఆ తనిఖీకి విలువ ఉండదు.

---

బిల్డ్‌ప్యాక్_రఘు

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. జేవీఎంకి లిమిట్ తెలుసు అనే నమ్మకం మీదే ఈ మాటలన్నీ. జావా 8లో అప్‌డేట్ 191 నుంచే కంటైనర్ లిమిట్ చూడటం డిఫాల్ట్‌గా వచ్చింది. సీగ్రూప్ (లినక్స్‌లో కంటైనర్‌కి లిమిట్ పెట్టే ఏర్పాటు) రెండో వెర్షన్‌ని అర్థం చేసుకోవడం జావా 15లో వచ్చి, 11.0.16కి, 8లో అప్‌డేట్ 372కి వెనక్కి తెచ్చారు. అంతకన్నా పాతది వాడుతూ, ఎవరో నోడ్ ఓఎస్ మార్చి సీగ్రూప్ రెండో వెర్షన్‌కి వెళ్లారనుకోండి. జేవీఎంకి లిమిట్ కనబడదు, హోస్ట్ మెమరీ మొత్తం తనదే అనుకుంటుంది. 64 జీబీ నోడ్ మీద 25 శాతం అంటే 16 జీబీ హీప్, 2 జీబీ పాడ్‌లో. అప్లికేషన్ టీమ్ ఏ సెట్టింగూ మార్చలేదు, ఏ రెండు సెట్టింగులూ కొట్టుకోలేదు.

ఇలాంటి చోట ప్రోగ్రాం "నాకు లిమిట్ కనబడలేదు, హోస్ట్ మెమరీ ఇంతని లెక్క వేసుకున్నాను" అని ఒక లైన్ రాస్తే చాలు. అది వార్నింగ్ కూడా కానక్కర్లేదు.

---

పద్మజ_డీబీఏ

రఘు గారూ, నడుస్తుండగా లిమిట్ మారితేనో? కుబర్నెటీస్ 1.33 నుంచి పాడ్ ఆపకుండానే మెమరీ మార్చే సౌకర్యం డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంది. జేవీఎం హీప్ గరిష్ఠం మొదట్లో తేల్చుకున్నదే. లిమిట్ తగ్గించారంటే స్టార్ట్‌లో లేని విరుద్ధం మధ్యలో పుడుతుంది. అప్పుడు చెప్పాల్సింది ఎవరు, జేవీఎమా, కుబర్నెటీసా?

---

రెడిస్_రవి

మార్చే చేయి ఎవరిదో వాళ్లకే చెప్పాలి. రెడిస్‌లో నడుస్తుండగా మ్యాక్స్‌మెమరీని ప్రస్తుత వాడకం కన్నా తక్కువకి మారిస్తే, మార్పు తీసుకుంటుంది గానీ లాగ్‌లో చెబుతుంది: కొత్త పరిమితి ఇంత, ఇప్పుడు వాడుతున్నది అంత, పాలసీని బట్టి కీలు తొలగిపోతాయి లేదా కొత్త రాతలు ఆగిపోతాయి అని. రెండు అంకెలూ ఉంటాయి, జరగబోయేదీ ఉంటుంది. కానీ అది సర్వర్ లాగ్‌లోకే వెళ్తుంది. కమాండ్ కొట్టినవాడికి ఓకే అనే తిరిగొస్తుంది. ఆ ఒక్కటీ మారి, కమాండ్ కొట్టినవాడి తెర మీదే కనబడితే బాగుండేది. పాడ్ లిమిట్ తగ్గించే చోటా నేను కోరేది అదే: తగ్గించే మనిషి తెర మీద, తగ్గించే ముందు.